నెట్ ఉంది కానీ సైట్ ఓపెన్ అవ్వట్లేదా? తప్పు ఎక్కడుందో వరసగా పట్టుకునే పద్ధతి

రౌటర్ లైట్లన్నీ వెలుగుతుంటాయి, ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, వాట్సాప్ మెసేజ్‌లు టింగుటింగుమని వస్తూనే ఉంటాయి, కానీ అర్జెంటుగా కావాల్సిన ఆ ఒక్క సైట్ మాత్రం తెల్ల పేజీ మీద గిరగిరా తిరుగుతూ కూర్చుంటుంది. అప్పుడు మనం ఏం చేస్తామో అందరికీ తెలిసిందే, రౌటర్ ఆపి ఆన్ చేస్తాం, తగ్గకపోతే బ్రౌజర్ మారుస్తాం, ఎవరో వీడియోలో చెప్పారని డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది) మారుస్తాం, ఇంకో వీడియో చూసి నెట్‌వర్క్ రీసెట్ కొడతాం, ఈలోపు ఏదో ఒకదానికి సైట్ ఓపెన్ అవుతుంది, దేనికి అయ్యిందో మాత్రం తెలీదు. వారం తిరక్కుండా మళ్ళీ అదే గోల.

నేను చెప్పేది ఒక్కటే. ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి, ఆ తర్వాతే దేని మీదైనా చెయ్యి వెయ్యండి, మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. మీ బ్రౌజర్ నుంచి ఆ సైట్ సర్వర్ దాకా మధ్యలో మీ డివైస్, వైఫై, రౌటర్, ప్రొవైడర్ లైను, డీఎన్ఎస్, చివర్న ఆ సర్వర్, ఇంతమంది ఉన్నారు. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తే ఏం లాభం.

కింద కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొడితే ఆ నల్ల విండో వస్తుంది, మ్యాక్, లినక్స్ వాళ్ళకి టెర్మినల్. భయపడాల్సిందేం లేదు, ఇక్కడ వాడే కమాండ్లు చాలావరకు చూసి చెప్పేవే, ఏదీ పాడు చెయ్యవు.

1. ముందు ఆ ఎర్రర్ చదవండి

ఎవరైనా "సైట్ రావట్లేదు" అని ఫోన్ చేస్తే నేను అడిగే మొదటి ప్రశ్న "స్క్రీన్ మీద ఏం రాసుంది" అనే, నూటికి తొంభై మంది "ఏదో వచ్చిందిలే, క్లోజ్ చేసేశా" అంటారు. ఆ ఏదోలోనే సగం జవాబు ఉంటుంది. క్రోమ్‌లో అయితే పెద్దక్షరాల్లో ఉండే "దిస్ సైట్ కాంట్ బి రీచ్డ్" వల్ల మనకి ఉపయోగం లేదు, దాని కింద బూడిద రంగులో చిన్నగా ఒక కోడ్ ఉంటుంది చూడండి, అదీ ముఖ్యం.

అందులో ఎన్ఎక్స్‌డొమైన్ అనో, నేమ్ నాట్ రిసాల్వ్డ్ అనో ఉంటే సైట్ పేరుకి అడ్రస్ దొరకలేదని అర్థం, ముందు స్పెల్లింగ్ చూస్కుని, అది కరెక్టే అయితే డీఎన్ఎస్ సెక్షన్‌కి వెళ్ళిపోండి. టైమ్డ్ అవుట్ అంటే అడ్రస్ దొరికింది, తలుపు కొట్టాం, ఎవరూ పలకలేదు. రిఫ్యూజ్డ్ అంటే పలికారు గానీ పొమ్మన్నారు, ఇది చాలాసార్లు సైట్ వైపు సమస్యే. కనెక్షన్ రీసెట్ అంటే మాట్లాడుతుంటే మధ్యలో ఎవరో లైన్ కట్ చేశారు, ఆ ఎవరో సర్వర్ కావచ్చు, మీ యాంటీవైరస్ కావచ్చు, దారిలో ఉన్న ఫిల్టర్ కావచ్చు. సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్ అని ఉంటే ఇంకేం చూడకుండా కంప్యూటర్ గడియారం చూడండి, తేదీ తప్పు ఉంటే సెక్యూర్ సైట్లన్నీ ఒకేసారి మొరాయిస్తాయి, పాత మెషీన్లలో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయినప్పుడు తేదీ ఏళ్ళ వెనక్కి పోవడం మామూలే.

ఇక 403, 502, 503, 504 లాంటి నంబర్లు కనిపిస్తే ఒకందుకు సంతోషించండి, మీ నెట్ బ్రహ్మాండంగా ఉంది. ఆ నంబర్ పంపింది అవతలి సర్వరే, లేదా దాని ముందున్న క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సర్వీసు. 5తో మొదలైతే తప్పు వాళ్ళది, టీ తాగి రండి. 403 అయితే వాళ్ళు మిమ్మల్ని కావాలనే ఆపుతున్నారు, దాని సంగతి కింద చెప్తా. 451 అని వస్తే చట్టపరమైన కారణాలతో ఆపారని, అది రిపేర్ చేసేది కాదు.

2. మూడు ప్రశ్నలు, రెండు నిమిషాలు

వేరే సైట్ వస్తోందా? అదే సైట్ ఇంట్లో వేరే ఫోన్‌లో వస్తోందా? అదే సైట్ వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద వస్తోందా?

ఈ మూడూ చూడకుండా ఇంకేం ముట్టుకోవద్దు. ఏ సైటూ ఏ డివైస్‌లోనూ రాకపోతే రౌటర్ లేదా లైను. ఒక్క ల్యాప్‌టాప్‌లోనే రాకపోతే ఆ ల్యాప్‌టాప్. మొబైల్ డేటా మీద కూడా ఆ సైట్ రాకపోతే ఆ సైటే పడిపోయి ఉండొచ్చు. ఇంట్లో ఏ డివైస్‌లోనూ రాదు, మొబైల్ డేటా మీద మాత్రం టక్కున వస్తుంది, మిగతా సైట్లన్నీ బానే ఉన్నాయి అంటే అదీ అసలు తలనొప్పి కేసు, దాని కోసం 7వ సెక్షన్ మొత్తం పెట్టా.

సైటే పడిపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి, పెద్దవాళ్ళు కూడా పడిపోతారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ సుమారు ఆరు గంటలు ప్రపంచమంతా ఆగిపోయాయి గుర్తుందా, వాళ్ళ లోపలి నెట్‌వర్క్ మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వల్ల వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్లకి వెళ్ళే దారులే ఇంటర్నెట్ నుంచి మాయమైపోయాయి. ఆ రోజు ఎంతమంది పాపం బాగున్న రౌటర్లని ఆపి ఆన్ చేసుంటారో.

ఫోన్‌తో టెస్ట్ చేసేటప్పుడు ఒక కిటుకు, యాప్ ఓపెన్ అయితే సరిపోదు, చాలా యాప్‌లు పాత డేటానే చూపిస్తాయి. బ్రౌజర్‌లో ఎప్పుడూ వెళ్ళని సైట్ ఏదైనా కొట్టి చూడండి, అది వస్తేనే నెట్ ఉన్నట్టు.

3. లైట్లు

ఫైబర్ కనెక్షన్ అయితే చిన్న డబ్బా మీద పాన్ అనే లైటు ఆకుపచ్చగా నిలకడగా ఉండాలి, లాస్ అనే లైటు ఆరిపోయి ఉండాలి. లాస్ ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదని అర్థం, ఇంక మీరు డీఎన్ఎస్‌లు గీఎన్ఎస్‌లు మార్చి ప్రయోజనం లేదు. డబ్బా వెనక సన్న వైరు బాగా మడతపడిందేమో, సోఫా కింద నలిగిందేమో చూడండి, అంతకుమించి మన చేతిలో ఏం లేదు, కంప్లయింట్ పెట్టాల్సిందే. ఊడిన ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి మాత్రం చూడొద్దు, ఆ కాంతి కంటికి కనపడదు కానీ మంచిది కాదు.

లైట్లన్నీ బాగుంటే రౌటర్‌ని ఒక్కసారి రీస్టార్ట్ చెయ్యండి, తప్పు లేదు. ప్లగ్ తీసి ఒక అర నిమిషం ఆగి పెట్టండి, పైకి లేవడానికి రెండు మూడు నిమిషాలు ఇవ్వండి. కానీ రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. వెనక చిన్న కన్నం ఉంటుంది, పిన్ను పెట్టి నొక్కేది, దాని జోలికి వెళ్ళకండి. నేనొకసారి ఆదివారం రాత్రి పదింటికి చిరాకులో ఆ కన్నంలో సిమ్ పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కా. లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి, వైఫై పేరు మారిపోయింది, లాగిన్ అయ్యి చూస్తే ప్రొవైడర్ లైనుకి కనెక్ట్ అవ్వడానికి వాడే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ గడులు రెండూ ఖాళీ, ఆ లైనుకి పెట్టాల్సిన వీల్యాన్ నంబర్ కూడా పోయింది. అంతకుముందు ఒక్క సైటే రాలేదు, ఇప్పుడు మొత్తం నెట్టే లేదు, ఆ వివరాలేమో కనెక్షన్ పెట్టిన టెక్నీషియన్‌కి తప్ప ఎవరికీ తెలీవు. సోమవారం మధ్యాహ్నం దాకా ఫోన్ హాట్‌స్పాటే గతి అయ్యింది. ఇప్పుడు ఆ రౌటర్ వాన్ పేజీ (బయటి లైను సెట్టింగ్స్ ఉండేది) ఫొటో నా ఫోన్‌లో ఎప్పుడూ ఉంటుంది, మీరూ ఈరోజే తీసి పెట్టుకోండి.

4. మెట్లు ఎక్కినట్టు పింగ్ చెయ్యండి

పింగ్ అంటే ఒక అడ్రస్‌కి చిన్న పలకరింపు పంపి జవాబు వస్తుందో లేదో, ఎంతసేపట్లో వస్తుందో చూడటం. ముందు మీ రౌటర్‌ని పింగ్ చెయ్యాలి, అడ్రస్ తెలీకపోతే విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని చూపిస్తుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. అక్కడే మీ సొంత ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ నంబర్ అడ్రస్, కూడా చూడండి, అది 169.254 తో మొదలైతే రౌటర్ మీకు అడ్రసే ఇవ్వలేదు, కంప్యూటర్ తనకు తనే పెట్టుకుంది, వైఫై తీసి మళ్ళీ కనెక్ట్ అవ్వండి.

పింగ్ 192.168.1.1 హైఫన్ టీ అని కొడితే విండోస్‌లో ఆగకుండా వెళ్తూనే ఉంటుంది, ఒక నిమిషం చూసి కంట్రోల్ సీ తో ఆపండి. 1, 2, 5 మిల్లీసెకన్లు వస్తుంటే వైఫై బాగుంది. మధ్యమధ్యలో 300, 800 అని ఎగురుతూ రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వస్తుంటే సమస్య ఇంట్లోనే ఉంది, ప్రొవైడర్‌ని తిట్టుకుని లాభం లేదు. రౌటర్ దగ్గరికి వెళ్ళి చూడండి, 5 గిగాహెర్ట్జ్‌కి మారి చూడండి, వీలైతే ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి, కేబుల్‌తో బాగుంటే వైఫైదే తప్పు.

రెండో మెట్టు పింగ్ 1.1.1.1 లేదా పింగ్ 8.8.8.8. ఇవి నంబర్లు కాబట్టి డీఎన్ఎస్‌తో పని లేకుండా నేరుగా బయటికి వెళ్తాయి. రౌటర్ దాకా బాగుండి ఇవి రాకపోతే లైను సమస్య.

మూడో మెట్టు సైట్ పేరుతో పింగ్. నంబర్‌కి రిప్లై వస్తోంది, పేరు కొడితే "కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్" అంటోంది అంటే దొంగ దొరికాడు, డీఎన్ఎస్. పేరు పక్కన బ్రాకెట్లో ఐపీ చూపించి ఆ తర్వాత టైమ్డ్ అవుట్ వస్తే మాత్రం కంగారుపడకండి, చాలా సైట్లు పింగ్‌కి జవాబివ్వకుండా ఆపేసుకుంటాయి, పింగ్ రాలేదు కాబట్టి సైట్ లేదు అనుకోకూడదు.

5. డీఎన్ఎస్

అందరూ మొదట మార్చేది ఇదే, నిజంగా తప్పు దీనిదేనో కాదో చూసేవాళ్ళు తక్కువ. చూడ్డం చాలా తేలిక. ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి స్పేస్ ఇచ్చి సైట్ పేరు ఇవ్వండి, మీరిప్పుడు వాడుతున్న డీఎన్ఎస్ ఏం చెప్తోందో వస్తుంది. మళ్ళీ అదే లైను కొట్టి చివర్లో స్పేస్ ఇచ్చి 1.1.1.1 పెట్టండి, ఈసారి క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్ఎస్‌ని అడుగుతుంది. మొదటిది టైమ్ అవుట్ అయ్యి రెండోది టక్కున ఐపీ ఇస్తే మీ ప్రొవైడర్ డీఎన్ఎస్ పడుకుంది, మార్చండి. రెండూ లేదంటే ఆ పేరే లేదు, స్పెల్లింగ్ తప్పో, వాళ్ళ డొమైన్ ఎక్స్‌పైర్ అయ్యిందో. రెండూ ఐపీ ఇస్తే డీఎన్ఎస్ నిర్దోషి, దాన్ని వదిలేసి ముందుకెళ్ళండి. రెండూ వేరువేరు ఐపీలు ఇవ్వడం తప్పేం కాదు, పెద్ద సైట్లకి ఊరికో సర్వర్ ఉంటుంది.

మార్చాలనుకుంటే రౌటర్‌లో డీహెచ్‌సీపీ (డివైస్‌లకి అడ్రస్‌లు పంచే భాగం) సెట్టింగ్స్ దగ్గర మారిస్తే ఇంట్లో అన్నిటికీ వర్తిస్తుంది. గూగుల్‌ది 8.8.8.8, దానికి జతగా 8.8.4.4, క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1, జతగా 1.0.0.1, క్వాడ్9ది 9.9.9.9. మార్చాక పాత జవాబులు గుర్తుపెట్టుకుని ఉంటుంది కాబట్టి విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ స్పేస్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టండి, బ్రౌజర్ కూడా మూసి తెరవండి, దానికి సొంత జ్ఞాపకం వేరే ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇది తెలీక చాలామంది గంటలు గంటలు పోగొట్టుకుంటారు. రౌటర్‌లో మీరు ఏం పెట్టినా డివైస్ దాన్ని వాడాలని లేదు. క్రోమ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద సెక్యూర్ డీఎన్ఎస్ అని ఒకటుంది, అందులో వేరే ప్రొవైడర్ పెట్టి ఉంటే క్రోమ్ నేరుగా వాళ్ళనే అడుగుతుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఉంది, యాడ్స్ రాకుండా ఉండటానికి ఎప్పుడో ఏదో పేరు పెట్టి మర్చిపోయి ఉంటారు, ఆ సర్వర్ పడిపోయిన రోజు వైఫై, మొబైల్ డేటా రెండిట్లోనూ ఫోన్ చచ్చిపోతుంది, మిగతావాళ్ళ ఫోన్లన్నీ బాగుంటాయి. ఒకే ఒక్క ఫోన్‌లో నెట్ లేదంటే నేను మొదట చూసేది అదే, ఆటోమేటిక్‌కి మార్చి చూడండి.

6. ఒక్క డివైస్‌లోనే అయితే

ఇది త్వరగా అవగొడదాం. ఇన్‌కాగ్నిటో విండోలో ఓపెన్ చెయ్యండి, అక్కడ వస్తే ఎక్స్‌టెన్షనో కుకీలో కారణం, యాడ్ బ్లాకర్ ఆపి చూడండి, ఆ ఒక్క సైట్ కుకీలు మాత్రమే తీసెయ్యండి, మొత్తం హిస్టరీ తుడిచేసి అన్ని చోట్లా లాగౌట్ అయ్యి ఏడవకండి. వీపీఎన్ ఆన్‌లో ఉందేమో, ప్రాక్సీ సెట్టింగ్‌లో ఆఫీసుది ఏదైనా మిగిలిపోయిందేమో చూడండి. యాంటీవైరస్‌లో వెబ్ షీల్డ్ లాంటిది ఉంటే ఐదు నిమిషాలు ఆపి చూసి మళ్ళీ ఆన్ చెయ్యండి. విండోస్‌లో సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లో హోస్ట్స్ అనే ఫైల్ ఉంటుంది, నోట్‌ప్యాడ్‌తో తెరిచి ఆ సైట్ పేరు అందులో ఉందేమో చూడండి, ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ రాసి పెట్టిన లైను ఉంటుంది ఒక్కోసారి.

పాత ఫోన్లు, పాత కంప్యూటర్ల సంగతి వేరు. సైట్ల సర్టిఫికెట్లని నమ్మడానికి డివైస్‌లో ఒక లిస్ట్ ఉంటుంది, అప్‌డేట్లు ఆగిపోయిన డివైస్‌లో ఆ లిస్ట్ పాతబడిపోతుంది. 2021 సెప్టెంబర్ 30న ఆ లిస్ట్‌లో ఉండే డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ సర్టిఫికెట్ గడువు అయిపోయినప్పుడు, ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడే సైట్లు చాలా పాత డివైస్‌లలో ఒక్కసారిగా ఆగిపోయాయి, నెట్‌కి దానికి ఏ సంబంధం లేదు. అలాంటి డివైస్‌లో ఫైర్‌ఫాక్స్ వేసి చూడండి, అది సొంత లిస్ట్ తెచ్చుకుంటుంది.

7. అన్నీ వస్తాయి, కొన్ని మాత్రం రావు

అసలు మజా అంతా ఇక్కడే. డీఎన్ఎస్ బాగుంది, స్పీడ్ టెస్ట్ బాగుంది, గూగుల్, యూట్యూబ్ ఎగిరిపోతున్నాయి, కానీ ఏదో ఒక బ్యాంకు సైటో, ఆఫీసు పోర్టలో ఇంట్లో ఎవరికీ రాదు. కస్టమర్ కేర్‌కి చేస్తే "స్పీడ్ వస్తోంది కదండీ, సైట్ వాళ్ళని అడగండి" అంటారు, సైట్ వాళ్ళని అడిగితే "మాకు బానే ఉందండీ, మీ నెట్ చూస్కోండి" అంటారు. దీనికి నాలుగు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటిది ఎంటీయూ, అంటే లైన్లో ఒక్కో ప్యాకెట్ (డేటా ముక్క) ఎంత పెద్దది పట్టొచ్చో ఆ హద్దు. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు మోస్తుంది. మీ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ రకం అయితే దాని హెడర్లకే 8 బైట్లు పోతాయి, మిగిలేది 1492. సర్వర్ 1500 సైజు ప్యాకెట్ పంపితే మీ లైన్లోకి పట్టదు, అప్పుడు మధ్యలో ఉన్న రౌటర్ "ఇంత పెద్దది పట్టదు, చిన్నది పంపు" అని ఐసీఎంపీ (నెట్‌వర్క్‌లో ఇలాంటి కబుర్లు చెప్పుకునే పద్ధతి) మెసేజ్ వెనక్కి పంపాలి. పంపుతుంది కూడా. కానీ కొన్ని సైట్ల ఫైర్‌వాల్ సెక్యూరిటీ పేరు చెప్పి ఐసీఎంపీ మొత్తాన్ని ఆపేస్తుంది, దాంతో ఆ మాట సర్వర్ చెవిన పడదు, అది పాపం అదే పెద్ద ప్యాకెట్ మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది, ఇక్కడ మనం చూస్తూనే ఉంటాం.

దీన్ని గుర్తుపట్టడం ఎలా అంటే, నాకు జరిగినప్పుడు నేను గమనించింది చెప్తా. రౌటర్ మార్చిన రెండో రోజు, ఒక పోర్టల్ తెరిస్తే కింద ఎడమ మూల "ఎస్టాబ్లిషింగ్ సెక్యూర్ కనెక్షన్" అని వచ్చి అక్కడే ఆగిపోయింది. టైమ్ అవుట్ కూడా వెంటనే రాలేదు, అర నిమిషం పైన తిరిగి తిరిగి అప్పుడు చేతులెత్తేసింది. అర్థం ఏంటంటే కనెక్షన్ కలిసింది, పలకరింపులు అయ్యాయి, అవి చిన్న ప్యాకెట్లు. ఆ తర్వాత సర్వర్ సర్టిఫికెట్ పంపాలి, అది పెద్దది, అక్కడ ఇరుక్కుపోయింది. అదే టైములో యూట్యూబ్ ఎందుకు బానే ఉందంటే గూగుల్ సర్వీసులు క్రోమ్‌తో క్విక్ అనే పద్ధతిలో మాట్లాడతాయి, అది 1200 బైట్ల దగ్గర్లో మొదలెట్టి ప్యాకెట్ సైజు తనే చూసుకుంటుంది.

టెస్ట్ ఇదీ, విండోస్‌లో పింగ్ హైఫన్ ఎఫ్ హైఫన్ ఎల్ 1472 అని కొట్టి స్పేస్ ఇచ్చి 1.1.1.1. హైఫన్ ఎఫ్ అంటే ముక్కలు చెయ్యొద్దని, 1472 కి హెడర్లు 28 కలిపితే 1500. రిప్లై వస్తే మీ లైన్లో పూర్తి 1500 పడుతోంది, ఎంటీయూ గొడవ మీ వైపు లేదు. రాకపోతే 1464 పెట్టండి, అంటే 1492. అదీ రాకపోతే పది పది తగ్గిస్తూ రండి, రిప్లై వచ్చిన పెద్ద నంబర్‌కి 28 కలిపితే అదే మీ ఎంటీయూ. రౌటర్ వాన్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ గడిలో అది పెట్టి సేవ్ చెయ్యండి, ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (చిన్న ప్యాకెట్లే పంపమని సర్వర్‌కి ముందే చెప్పేది) అని ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యండి, నిజానికి చాలా రౌటర్లలో అది దానంతటదే ఆన్ అయ్యి ఉంటుంది కాబట్టే మనలో ఎక్కువమందికి ఈ సమస్య ఉందని కూడా తెలీదు. నా కొత్త రౌటర్‌లో ఆ గడిలో 1500 ఉంది, 1492 చేశా, పోర్టల్ మరుక్షణం తెరుచుకుంది. రెండ్రోజులు చూసిన తలనొప్పికి మార్చింది మూడంకెలు.

రెండోది ఐపీవీ6. చాలా సైట్లకి పాత ఐపీవీ4 అడ్రస్, కొత్త ఐపీవీ6 అడ్రస్ రెండూ ఉంటాయి, బ్రౌజర్ ముందు ఐపీవీ6 ట్రై చేసి అటు పలక్కపోతే పావు సెకను ఆగి ఐపీవీ4 కూడా మొదలెడుతుంది, ఈ పద్ధతికి హ్యాపీ ఐబాల్స్ అని సరదా పేరు. కాబట్టి ఐపీవీ6 పూర్తిగా చచ్చిపోతే మనకి పెద్దగా తెలీదు. సగం చచ్చిపోతేనే కష్టం, కనెక్షన్ కలుస్తుంది, బ్రౌజర్ సరే అనుకుంటుంది, ఆ తర్వాత పైన చెప్పిన పెద్ద ప్యాకెట్ల గొడవే అక్కడా వస్తుంది, అప్పటికి వెనక్కి వెళ్ళే అవకాశం దాటిపోయి ఉంటుంది. నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ6 టిక్ తీసేసి చూడండి. సైట్ వస్తే కారణం దొరికింది. అలాగని శాశ్వతంగా తీసేసి వదిలెయ్యమని నేను చెప్పను, ప్రొవైడర్‌కి చెప్పి సరిచేయించుకోవాల్సిన విషయం అది, ఈలోపు పని జరగడానికి తీసేసుకోండి.

మూడోది మీ ఐపీ అడ్రస్‌కి చెడ్డపేరు రావడం. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ చూడండి, అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నారు, అంటే మీరూ, ఇంకా ఎంతోమంది ముక్కూమొహం తెలీని కస్టమర్లూ కలిసి ఒకే పబ్లిక్ ఐపీ పంచుకుంటున్నారు. వాళ్ళలో ఎవడి కంప్యూటర్లోనో వైరస్ ఉండి ఒక సైట్ మీద పడితే ఆ సైట్ వాళ్ళు ఆ ఐపీని బ్లాక్ చేస్తారు, మీకు 403 వస్తుంది, లేదా "నేను రోబోని కాదు" అని ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఎంచుతూ కూర్చోవాలి. రౌటర్ రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి వేరే ఐపీ వస్తుంది, రాకపోతే పబ్లిక్ స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని ఐపీ) ఇవ్వమని ప్రొవైడర్‌ని అడగొచ్చు. మొబైల్ డేటా మీద సైట్ వచ్చి ఇంట్లో 403 వస్తుంటే నా అనుమానం ముందు దీని మీదే.

నాలుగోది పైన చెప్పిన క్విక్కే, తిరగబడ్డ కేసు. ఇది యూడీపీ అనే ప్యాకెట్లు పంపే పద్ధతిలో పోర్ట్ 443 మీద నడుస్తుంది, కొన్ని రౌటర్లు, ఫైర్‌వాల్‌లు యూడీపీని సరిగ్గా చూసుకోవు, అప్పుడు గూగుల్ సర్వీసులే ఆగి ఆగి వస్తాయి, మిగతావి బాగుంటాయి. క్రోమ్ ఫ్లాగ్స్ పేజీలో ఎక్స్‌పెరిమెంటల్ క్విక్ ప్రోటోకాల్ డిసేబుల్ చేసి చూడండి, ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కాన్ఫిగ్ పేజీలో హెచ్‌టీటీపీ3 అని వెతికితే దొరుకుతుంది.

8. కంప్లయింట్ పెట్టేటప్పుడు

ఇంతదాకా వచ్చాక కూడా తెగకపోతే ట్రేసర్ట్ అని కొట్టి సైట్ పేరు ఇవ్వండి, మ్యాక్‌లో, లినక్స్‌లో ట్రేస్‌రూట్. దారిలో ఉన్న ఒక్కో మెట్టూ చూపిస్తుంది. మధ్యలో చుక్కలు (* గుర్తులు) కనిపించి కింద మళ్ళీ నంబర్లు వస్తుంటే అది తప్పు కాదు, ఆ రౌటర్ జవాబు చెప్పే ఓపిక లేనిది, అంతే. చివరిదాకా చుక్కలే అయితే ఆఖర్న జవాబిచ్చిన మెట్టు ఎవరిదో చూడండి, మీ ప్రొవైడర్ లోపలే ఆగిపోతే దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. మొబైల్ డేటా మీద అదే ట్రేస్ ఇంకోటి తీస్తే పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.

ఫోన్‌లో "నెట్ రావట్లేదండీ" అంటే వాళ్ళ దగ్గర స్క్రిప్ట్ ఉంటుంది, రౌటర్ ఆపి ఆన్ చెయ్యండి, టికెట్ రైజ్ చేశాం, ఇరవై నాలుగు గంటలు. దాని బదులు ఇలా చెప్పండి: "ఫలానా సైట్ ఇంట్లో మూడు డివైస్‌లలో రావట్లేదు, ల్యాన్ కేబుల్‌తో కూడా చూశా, మొబైల్ డేటా మీద వస్తోంది, డీఎన్ఎస్ 1.1.1.1 పెట్టి చూశా అదే పరిస్థితి, పింగ్ 1464 దాకా వెళ్తోంది, ఐపీవీ6 ఆపితే వస్తోంది, నిన్న సాయంత్రం ఏడింటి నుంచి ఇలా ఉంది, ట్రేస్ పంపిస్తా." అవతల మనిషికి ఇందులో సగం అర్థం కాకపోయినా పర్లేదు, యథాతథంగా టికెట్‌లో రాయమనండి, మెయిల్ ఐడీ ఉంటే స్క్రీన్‌షాట్లతో అక్కడికీ పంపండి, ఎందుకంటే ఆ టికెట్ చివరికి చేరేది నెట్‌వర్క్ టీమ్ దగ్గరికి, వాళ్ళకి ఆ "ఐపీవీ6 ఆపితే వస్తోంది" అనే ఒక్క ముక్క చాలు. టికెట్ నంబర్ రాసి పెట్టుకోండి, ఫోన్ పెట్టేశాక రౌటర్‌లో టెస్టింగ్ కోసం మీరు మార్చినవన్నీ మళ్ళీ పాత చోటికి పెట్టెయ్యండి, లేకపోతే వాళ్ళు అటు సరిచేసినా మీకు తెలీదు.